చెరువులో పీత వేద్దామనుకుంటే: ఏ పీత, ఏ పద్ధతి?

వనామీ రెండు పంటలు వరుసగా పోయాక మా బావ మొన్న ఫోన్ చేశాడు. "ఇక రొయ్య జోలికి పోను, పీత వేస్తా. నువ్వు వాటి గురించి ఏదో చదివావుగా, ఏది వేయాలో చెప్పు" అన్నాడు. ఆయనకు దివిసీమలో ఉప్పుటేరును ఆనుకుని రెండెకరాల చెరువుంది. అప్పటికే యూట్యూబ్‌లో నాలుగైదు వీడియోలు చూసేసి ఉన్నాడు. ఒకదాంట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో వరసలు వరసలుగా పీతలు. ఇంకోదాంట్లో నీలం డెక్కల సముద్రపు పీతలు. మరోదాంట్లో రెండు చేతులా పట్టుకోవాల్సినంత మండపీత. అన్నిటికీ పేరు మాత్రం ఒకటే, "పీతల సాగు". ఫోన్లో తెగే సంగతి కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఆయనలాగే ఆలోచిస్తున్నవాళ్లకు కూడా పనికిరావచ్చు.

లాభం ఎంత అనేది అందరూ మొదట అడిగే ప్రశ్న. నేనైతే ముందు ఇంకోటి అడగమంటాను: నీళ్లలోంచి తీశాక ఆ పీత ఎంతసేపు బతుకుతుంది? సగం నిర్ణయం దీనితోనే తేలిపోతుంది.

మండపీతా, నీలి పీతా?

మన తీరంలో డబ్బు తెచ్చే పీతలు ముఖ్యంగా ఇవి రెండు. రెండూ ఈదే పీతల కుటుంబంలోవే. చివరి కాళ్ల జత చూడండి, తెడ్డులా చదునుగా ఉంటుంది. పొలం గట్టు బొరియలో దొరికే ఎండ్రకాయకు ఈ తెడ్డు ఉండదు.

మండపీత మడ అడవుల్లో, ఏరు సముద్రంలో కలిసే పాయల్లో, బురదలో బతుకుతుంది. డెక్కలు బలంగా, డిప్ప నున్నగా ఉంటుంది. నీలి పీత పూర్తిగా సముద్రపు జీవి, ఇసుక నేలల్లో ఉంటుంది. డిప్పకు రెండు పక్కలా పొడవాటి ముల్లు, సన్నటి పొడుగు డెక్కలు. మగది నీలంగా, ఆడది గోధుమ కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది.

మండపీత డెక్కలు తాడుతో కట్టి, తడి గోనె కప్పి, నీడలో ఉంచితే రోజుల తరబడి బతుకుతుంది. అందుకే నాగాయలంకలో పట్టిన పీత చెన్నై విమానాశ్రయం దాటి చైనా, సింగపూర్, మలేషియాలకు ప్రాణంతోనే పోగలుగుతోంది. ధర ఉన్నది ఆ ప్రాణానికే. చచ్చిన మండపీతకు విలువ లేదు. నీలి పీత అలా కాదు, ఒడ్డుకు తెచ్చిన కొన్ని గంటల్లోనే పోతుంది. కాబట్టి అది ఐసులో ఫ్యాక్టరీకి వెళ్లి, ఉడికి, చేత్తో ఒలిచిన మాంసమై, పాశ్చరైజ్ చేసిన డబ్బాల్లో ఎక్కువగా అమెరికాకు పోతుంది. ఆ వ్యాపారంలో ధర నిర్ణయించేది ఫ్యాక్టరీ. సముద్రంలో వలకు దొరికిన పీతతో చెరువులో మేత పెట్టి పెంచిన పీత అక్కడ పోటీ పడాలి. ఒక్కోటి 150 గ్రాములు తూగే పీతను మేపి ఆ ధరకు అమ్మితే మిగిలేది తక్కువ.

ఉప్పు సంగతి ఇంకా పెద్దది. నీలి పీతకు ఏడాది పొడవునా సముద్రపు నీరు లాంటి నీరు కావాలి. ఉప్పదనం బాగా పడిపోతే, ముఖ్యంగా పిల్లలు, తట్టుకోలేవు. మండపీత 5 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) నుంచి 35 దాటేదాకా నెట్టుకొస్తుంది, 10 నుంచి 25 మధ్య హాయిగా పెరుగుతుంది. కృష్ణకు వరద వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో మన పాయల్లో నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పే తెలియదు. ఆ రెండు నెలలు చెరువులో నీలి పీత ఉంటే టెన్షన్‌తో నిద్ర పట్టదు.

మరి శాస్త్రవేత్తలు నీలి పీత మీద అంత పని ఎందుకు చేశారు? ఎందుకంటే హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే చోట, అది సులువు. గుడ్డులోంచి వచ్చాక నీలి పీత పిల్ల నీళ్లలో తేలే జోయియా దశలు నాలుగు, పీత రూపానికి ముందుండే మెగలోపా దశ ఒకటి దాటి, రెండు వారాలు అటూఇటూగా పీత రూపానికి వస్తుంది. మండపీతకు జోయియా దశలు ఐదు. పీత రూపానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. గుల్ల విడిచిన (మోల్టింగ్) ప్రతిసారీ కొన్ని చస్తాయి, ఐదో జోయియా నుంచి మెగలోపాకు మారేటప్పుడు మరీ ఎక్కువ. మెగలోపాకు డెక్కలు వస్తాయి, వచ్చిన వెంటనే పక్కదాన్ని తినడం మొదలుపెడుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో నీలి పీతను పొదిగించి, ఆ పిల్లల్ని సముద్రంలో వదిలారు. చెరువు రైతు కోసం కాదు, సముద్రంలో తగ్గిపోతున్న పీతను నిలబెట్టడానికి. నా దృష్టిలో నీలి పీతకు సరైన దారి అదే: హేచరీలో పుట్టాలి, సముద్రంలో పెరగాలి, మత్స్యకారుడి వలకు దొరకాలి. హేచరీ వాడికి నీలి పీత తేలిక, చెరువు రైతుకు మండపీత తేలిక. ఈ రెండూ కలిపేసుకుని చదివితేనే గందరగోళం.

ఇంకో గందరగోళం కూడా ఉంది. పాత పుస్తకాల్లో నీలి పీతలన్నిటికీ పోర్చూనస్ పెలాజికస్ అనే ఒకే పేరు. 2010లో దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు: ఆస్ట్రేలియాది ఒకటి, అరేబియా సముద్రం వైపుది ఒకటి, హిందూ మహాసముద్రపు తూర్పు భాగానిది ఒకటి, ఆగ్నేయాసియాది ఒకటి. కాబట్టి ఆస్ట్రేలియా పేపర్‌లో పెరుగుదల లెక్క చూసి మన నీలి పీత కూడా అంతే పెరుగుతుందనుకోకండి. అది మన పీతకు దాయాది, అంతే.

"చైనావాళ్లు చెరువుల్లో సముద్రపు పీతే కదా పెంచుతున్నారు" అన్నాడు బావ. నిజమే, ఏడాదికి లక్ష టన్నుల దరిదాపు పెంచుతున్నారు. కానీ ఆ జాతి వేరు, పోర్చూనస్ ట్రైట్యూబర్‌క్యులేటస్. అది చైనా, కొరియా, జపాన్ సముద్రాలది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా పట్టే పీత జాతి కూడా అదే. జపాన్‌లో దీని పిల్లల్ని హేచరీల్లో తీసి సెటో లోపలి సముద్రంలో వదులుతున్నారు. జెజియాంగ్ వైపు రైతులు మట్టి చెరువుల్లో పెంచి, చలికాలం దాకా ఆపి, గుడ్లతో నిండిన ఆడపీతను మంచి ధరకు అమ్ముతారు. తినేవాళ్లు పక్క ఊళ్లోనే ఉన్నారు. మనకు ఆ జాతీ లేదు, ఆ చలికాలపు గిరాకీ గుమ్మంలోనూ లేదు.

సరే, మండపీతే అనుకుందాం.

మండపీతల్లో కూడా రెండు

నేను ఈ సంగతి నేర్చుకున్నది డబ్బు పోగొట్టుకునే. నాలుగేళ్ల కిందట నేనూ మరొకరూ కలిసి ఒక వ్యాపారి దగ్గర ఏటి సీడ్ (ఏట్లో పట్టిన పీత పిల్లలు) కొన్నాం. "అంతా పచ్చ పీతే, కిలో దాటుతుంది" అన్నాడు. ఏడు నెలలు మేపాం. పావుకిలో దాటి కదల్లేదు. మేత తక్కువైందేమో అనుకుని ఇంకా పోశాం. చివరికి తెలిసినాయన ఒకరు వచ్చి ఒక పీతను తిరగేసి, డెక్క చూసి నవ్వాడు. వచ్చింది చిన్న జాతి.

1998 దాకా మండపీతలన్నీ సిల్లా సెర్రాటా అనే చెప్పుకునేవారు. ఆ ఏడాది వాటిని నాలుగు జాతులుగా సరిచేశారు. మన దగ్గర ఎక్కువగా దొరికేవి రెండు: పెద్దగా పెరిగే సిల్లా సెర్రాటా, చిన్నగా ఆగిపోయే సిల్లా ఒలివేసియా. గుర్తు పట్టడానికి మూడు చోట్ల చూడాలి. డెక్కకు ముందున్న మణికట్టు కణుపు బయటివైపు సెర్రాటాకు రెండు వాడి ముళ్లు ఉంటాయి. ఒలివేసియాకు ఒకటే, అదీ మొండిగా, ఒక్కోసారి అసలు ఉండదు. కళ్ల మధ్య నుదుటి పళ్లు సెర్రాటాకు ఎత్తుగా, ఒలివేసియాకు పొట్టిగా గుండ్రంగా ఉంటాయి. సెర్రాటా కాళ్లన్నిటి మీదా చేపవలలా గళ్ల గీతలు కనిపిస్తాయి. ఒలివేసియా డెక్కలు గోధుమ, నారింజ రంగుల్లో ఉంటాయి. రంగు ఒక్కటే నమ్ముకుంటే మోసపోతారు, బురదను బట్టి అది మారుతుంది. ముళ్లు మారవు.

పెంచడానికైతే సెర్రాటాయే. ఒలివేసియా పనికిరాదని కాదు. థాయ్‌లాండ్, మయన్మార్‌లలో మెత్త పీత వ్యాపారం చాలావరకు దీనిమీదే నడుస్తోంది, దాని సంగతి కింద చెబుతాను. కానీ కిలో పీత కావాలనుకుని దాన్ని మేపితే మా గతే.

సీడ్: ఏటిదా, హేచరీదా?

ఏటి సీడ్ వెంటనే దొరుకుతుంది, చవక. కానీ రెండు జాతులూ కలిసి వస్తాయి, సైజులు కలిసి వస్తాయి. పెద్దది చిన్నదాన్ని తింటుంది కాబట్టి చెరువులో వేసిన మొదటి నెల్లోనే లెక్క తప్పుతుంది. పైగా ఏట్లోంచి పిల్లల్ని గోరినకొద్దీ రేపటి పెద్ద పీత తగ్గుతుంది.

హేచరీ సీడ్‌కు పేరున్నది ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) కిందున్న రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం. తమిళనాడులో శీర్కాళి దగ్గర తొడువాయిలో వాళ్లకు మండపీత హేచరీ ఉంది, ఆ పద్ధతికి 2011 నుంచి 2030 వరకు పేటెంట్ కూడా ఉంది. అక్కడ తీసేది సెర్రాటాయే. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ కూడా దీనిపై పని చేస్తోంది. ఒక తల్లి పీత లక్షల్లో గుడ్లు పెడుతుంది, పెద్దదైతే ఇరవై లక్షలూ దాటుతుంది. అయినా అందులో పీత రూపానికి చేరేది నూటికి ఏ కొన్నో. రొయ్య సీడ్‌లాగా ఫోన్ కొడితే రేపే రాకపోవడానికి కారణం ఇదే, ముందుగా అడిగి పెట్టుకోవాలి. వచ్చిన పిల్లల్ని నేరుగా చెరువులో వదలకండి. దోమతెర లాంటి సన్నటి వలతో హాపాలు (వల తొట్లు) కట్టి, మూడు నాలుగు వారాలు పెంచి, రెండు మూడు సెంటీమీటర్లు అయ్యాక, సైజులవారీగా వేరుచేసి వదలాలి. ఈ ఒక్క పనికి బద్ధకిస్తే హేచరీ సీడ్‌కు పెట్టిన డబ్బు పీతల పొట్టలోకే పోతుంది.

పూర్తి పంటకైతే నా ఓటు హేచరీకే, ధర ఎక్కువైనా. మా ఏడు నెలల మేత ఖర్చు ముందు సీడ్ ధరలో తేడా లెక్కలోకి రాదు.

పద్ధతి: అసలు తేడా ఇక్కడే

పీత ఒక్కసారిగా పెరుగుతుంది. గుల్ల విడిచిన కొన్ని గంటల్లో నీళ్లు పీల్చుకుని డిప్ప సాగుతుంది, తర్వాత గట్టిపడుతుంది, ఆ ఖాళీని కండతో నింపుకోవడానికి వారాలు పడుతుంది. ఈ మధ్యలో పట్టుబడిన పీత చూడ్డానికి పెద్దది, లోపల నీరు. కొనేవాడు కాళ్ల దగ్గర అడుగుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు. లొత్తపడితే వాటర్ అని పక్కన పడేస్తాడు, లేదా ధర కోసేస్తాడు. అమావాస్య పీత కండగా ఉంటుందని, పౌర్ణమి పీత నీళ్లగా ఉంటుందని మనవైపు అంటారు. వేలితో నొక్కి చూడటం అంతకంటే నమ్మకం.

కొవ్వబెట్టడం ఈ వాటర్ పీత మీద ఆధారపడిన వ్యాపారం. మంచి సైజు వాటర్ పీతల్ని తక్కువకు కొని, చిన్న చెరువులోనో గుంటలోనో, మగవి ఒకచోట ఆడవి ఒకచోట పెట్టి, 25 నుంచి 40 రోజులు మేపి, కండపట్టగానే అమ్మడం. బరువు పెద్దగా పెరగదు, మారేది గ్రేడు. వంద కిలోలు పెట్టారనుకోండి. రోజుకు బరువులో 8 శాతం చొప్పున అమ్ముడుపోని చిన్న చేప వేస్తే రోజుకు 8 కిలోలు, నెలకు 240 కిలోల చేప. కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా, ఈ మేతనూ చచ్చిన పీతలనూ మోయాలి. ఆడపీతల్లో గుడ్లు ఎర్రగా నిండితే ధర ఇంకా పలుకుతుంది. నెలరోజుల్లో డబ్బు తిరిగి చేతికొస్తుంది, తప్పు చేస్తే నెలలోనే తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, రోజూ వాటర్ పీత దొరికే ఏరు దగ్గరుండాలి, పట్టేవాళ్లతో మాట ఉండాలి. వలల్లో లాగి తెచ్చిన, కాళ్లు ఊడిన పీతలు రెండు మూడు రోజుల్లో చస్తాయి. అవి ఎంత చవకైనా వద్దు.

పూర్తి పంట ఓపికున్నవాడిది. లెక్క ఇలా వేసుకోండి: ఎకరం అంటే దాదాపు 4,000 చదరపు మీటర్లు. రెండు చదరపు మీటర్లకు ఒక పిల్ల చొప్పున 2,000. సగం మిగిలితే 1,000. ఒక్కోటి అర కిలో అయితే 500 కిలోలు. ఇందుకు ఆరు నుంచి ఎనిమిది నెలలు. ఆ "సగం" అనే మాట దగ్గరే అందరి లెక్కలూ తప్పుతాయి. మూడోవంతే మిగిలినవాళ్లూ ఉన్నారు. పీత కష్టాలు పీతవి అంటారు గానీ, చెరువులో పీతకు పెద్ద కష్టం పక్క పీతే. గుల్ల విడిచి మెత్తగా ఉన్న రాత్రి దాన్ని మిగతావి తినేస్తాయి. కాబట్టి చెరువడుగున పైపు ముక్కలు, పెంకులు, పాత టైర్లు, కొబ్బరి మట్టలు వేయాలి. దాక్కునే చోటెంత ఉంటే పంట అంత. గట్టు చుట్టూ లోపలికి వంగేలా వల లేదా ప్లాస్టిక్ షీటు కట్టాలి. వాన రాత్రి పీతలు గట్టెక్కి నడిచి పోతాయి, నమ్మనివాళ్లు ఒకసారి టార్చి వేసి చూడాలి. అదే చెరువులో కొన్ని పాలబొంత చేపలు వేసుకుంటే నాచు తిని నీటిని బాగుంచుతాయి, కాస్త ఆదాయం కూడా. పండుగప్ప మాత్రం వద్దు, గుల్ల విడిచిన పీత దాని నోట్లోకి పోతుంది.

మెత్త పీత అంటే గుల్ల విడిచిన వెంటనే తీసి డిప్పతో సహా తినేది. 80, 100 గ్రాముల చిన్న పీతల్ని తేలే డబ్బాల్లో ఒక్కోటి ఒక్కో గదిలో పెట్టి, రాత్రీ పగలూ నాలుగు గంటలకోసారి చూడాలి. విడిచినదాన్ని గట్టిపడకముందే తీసి, మంచినీళ్లలో ముంచి, ఫ్రీజర్లో పెట్టాలి. జీతగాళ్లు మూడు షిఫ్టుల్లో, చేతికందే దూరంలో ఫ్రీజింగ్ ప్లాంటు, ఒప్పందం చేసుకున్న కొనేవాడు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా దిగకండి.

ఇక బావను అన్నిటికంటే ఊరించిన అపార్ట్‌మెంట్ డబ్బాలు. ఇవి మనకు వీడియోలుగా వచ్చాయి. ఒక డబ్బా ఒక పీత, నీరు పైపుల్లో తిరుగుతూ ఫిల్టరై మళ్లీ వస్తుంది. ఒకదాన్నొకటి తినే గొడవ లేదు, అది నిజమైన లాభం. కానీ పైన చెప్పిన 500 కిలోలకే ఇక్కడ 1,000 డబ్బాలు కావాలి. ఒక్కోదానికి మేతవేసి మిగిలింది తీయడానికి అరనిమిషం అనుకున్నా, రోజుకు ఎనిమిది గంటలు దాటుతుంది. కరెంటు పోతే అమ్మోనియా పెరుగుతుంది, జనరేటర్ ఉండాలి. డబ్బాలు అమ్మేవాడి వీడియోలో కరెంటు ఎప్పుడూ పోదు. వాటర్ పీతను కొన్ని వారాలు నిలిపి కండ పట్టించే పట్నం వ్యాపారికి ఇది పనికొస్తుంది. రెండెకరాల చెరువు చేతిలో ఉన్నవాడు డబ్బాలు కొనడం, బావి పక్కన కూర్చుని నీళ్ల సీసా కొనుక్కోవడమే.

పక్క చెరువులో వనామీ ఉంటే

వైట్‌స్పాట్ వైరస్‌ను మండపీత మోస్తుంది, తనకు పెద్దగా ఏమీ కాకుండానే. 1994-95లో మన తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైరస్ అదే. రొయ్య రైతులు గట్టు చుట్టూ పీత వల కట్టేది ఇందుకే. కాబట్టి పీత వేసే ముందు పక్కవాళ్లతో మాట్లాడండి, కంచె గట్టిగా వేయండి, నీళ్లు వాళ్ల తూము వైపు వదలకండి. రొయ్య పోయిన చెరువులో వెంటనే పీత వేయాలనుకునేవాళ్లు బాగా ఎండగట్టి, దున్ని, సున్నం వేశాకే వేయాలి. తీర ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ వనామీకి తీసుకున్నదే చాలు అనుకుని ఊరుకోకుండా, పీతకు ఏం రాయించాలో మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

బావకు చెప్పింది ఇది: రెండెకరాల్లో ఒక మూల పావు ఎకరం వేరుచేసి కంచె కట్టు. వచ్చే పోటుకు దొరికే పీతల్లో యాభై కిలోల వాటర్ పీత, కాళ్లూ డెక్కలూ పూర్తిగా ఉన్నవే, ఏరి కొను. నెల మేపి అమ్ము. చచ్చినవెన్ని, మేతెంత, కొనేవాడు గ్రేడు ఎలా కోశాడు అన్నీ నోట్‌బుక్‌లో రాయి. ఈలోగా హేచరీకి సీడ్ కోసం రాయి. మిగతా చెరువు ఎండనీ.

"నీలి పీత మరి?" అన్నాడు ఆఖరున. "సముద్రంలో ఉండనీ బావా, ఆదివారం కూరకు కొనుక్కుందాం" అన్నాను. నిన్న మళ్లీ ఫోన్. కంచెకు వల ఎన్ని మీటర్లు పడుతుందో, కన్ను ఎంత సన్నంగా ఉండాలో అడిగాడు.